పైఖర్చుల డబ్బా

నేను ఒక రేకు డబ్బాను. ఫ్యాక్టరీలో నా కడుపులో బిస్కెట్లు పోశారు. అవి ఎవరు తిన్నారో తెలియదు. ఖాళీ అయ్యాక నరసరావుపేటలో మస్తానయ్య అనే టైలరు ఇంటికి చేరాను.

గూట్లో మేము ముగ్గురం. ఒకటి అద్దె డబ్బా, ఒకటి పిల్ల ఫీజు డబ్బా. ఇల్లుగలాయన ఎంతంటే అంత, బడివాళ్ళు ఎంతంటే అంత. వాటి జోలికి ఎవరూ పోరు. నేను పైఖర్చుల డబ్బాను. కూరలు, పూలు, ఆటో, పెళ్ళిళ్ళలో చదివింపులు అన్నీ నాలోంచే. పెంచితే పెరుగుతాను, తగ్గిస్తే తగ్గుతాను. అందుకే అందరి అనుమానం నా మీదే. నాకూ వాళ్ళ మీద అనుమానమే.

మస్తానయ్య భార్య ఆదిలక్ష్మి ఒక పద్ధతి పెట్టింది. పది రూపాయలు తీస్తే నాలో ఒక చింతపిక్క వెయ్యాలి.

ఆ ఏడు మస్తానయ్యకి చూపు తగ్గింది. ఒక జాకెట్టుకి చెయ్యి తిరగేసి కుట్టాడు. పెళ్ళిళ్ళ రోజులకి ఇంకా రెండు నెలలే. ఆలోపు కళ్ళజోడు రాకపోతే గిరాకీ పక్క కొట్టుకి పోతుంది. జోడు ఎనిమిది వందలు. నాలోంచే మిగల్చాలి. ఆదిలక్ష్మి పూలు మానేసింది.

నెలాఖరుకి ఆరు వందలు మిగలాలి. రెండు వందలే ఉన్నాయి. పోయిన నాలుగు వందలకి పిక్కలు లేవు.

"మొన్న మీ తమ్ముడొచ్చాడు గదా," అన్నాడు మస్తానయ్య.

"వాడు మంచినీళ్ళు తాగి పోయాడు. నువ్వు టీ కొట్టుకాడ ఎంత ఇస్తన్నావయ్యా?"

"టీ కూడా ఒక ఖర్చేనా?"

"పిక్క వేశావా?"

"టీకి పిక్కేందే, నీ మొహం! తీసింది మీ వాడే."

"సరే. రేపట్నించి టీ నేనే ఫ్లాస్కులో పోసిస్తా. ఎవరు తీశారో తెలుస్తది."

మరుసటి నెల తమ్ముడు రెండుసార్లు వచ్చాడు. ఆరు వందలూ నిలిచాయి. పాత రెండు వందలు కలిపితే జోడు వచ్చింది.

జోడు పెట్టుకుని మస్తానయ్య నా మూత తీశాడు. మూత లోపలి అంచున నల్లగా మిషన్ నూనె మచ్చలు, వేళ్ళ వెడల్పున. ఆదిలక్ష్మి మిషన్ ముట్టదు. లుంగీ అంచుతో తుడిచాడు. పోలేదు. వంటింటి వైపు చూశాడు.

"ఏమేవ్, దీనికి తుప్పు పట్టింది. పాత సామాన్లాయనకి వేసెయ్. ప్లాస్టిక్కుది తెస్తా."

ఆదిలక్ష్మి వంటింట్లోంచి వచ్చింది. నన్ను తీసుకుని లోపలా బయటా చూసింది. వీధిలోకి వచ్చి పాత సామాన్లాయనకి ఇచ్చింది.

మూత మాత్రం ఉంచుకుంది.