చేను మధ్య రాయి

విత్తనం వేసే ముందు మాస్తమ్మ రాయిని కడిగి పసుపు పూయడం ఆ ఇంటి పెద్దకోడలి పని. ఎప్పుడో పాలెగాళ్ళ కాలంలో భర్త చితిలో కాలిపోయిన కోడలిని మాస్తమ్మ అని ఆ రాయి మీద చెక్కించారు. చచ్చిన కోడలికి మొక్కడంలో పెనుకొండ చుట్టుపక్కల ఆ ఇంటిని మించినవాళ్ళు లేరు. బతికున్న కోడళ్ళ సంగతి వేరు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు లక్ష్మీనరసమ్మ పసుపు గిన్నెతో చేనికి పోతుంటే, కోడలు నీలావతి నీళ్ళ బిందెతో వెంట వచ్చింది. మొగుడు పోయిన పిల్ల కనుక రాయిని ముట్టకూడదు. బిందె మోయడానికి మాత్రం అడ్డేమీ లేదు.

బయలుదేరేటప్పుడే లక్ష్మీనరసమ్మకు భర్త ఓబుళప్ప చెప్పి పంపాడు. "నీలావతి వాళ్ళన్న హిందూపురం నుంచి వచ్చి కూర్చోనుండాడు. చెల్లెల్ని టీచరు ట్రైనింగుకు పంపుతాడంట. మాస్తమ్మ ఇంటి ఆడది గడప దాటి ఉద్దోగం చేస్తాదా? వద్దని నువ్వే చెప్పు. నీ మాట దాటదు ఆ పిల్ల."

దాటదు. అదే లక్ష్మీనరసమ్మ గుండెలో ముల్లు. కొడుకు పోయాక దివసాల కర్మ నాడు, బంధువులంతా పంక్తిలో ఉండగా, ఆకలికి తాళలేక నీలావతి మారు అన్నం అడిగింది. "మా ఇంటి కోడలు మొగుని వెంబడి అగ్గిలో దిగింది. నీకు మారన్నం కావాల్సొచ్చిందా?" అంది తను. నోరు జారిందనుకోవడానికి లేదు. కడుపుమంట ఎవరి మీదో ఒకరి మీద పోయాలి, ఎదురు చెప్పలేనిది ఎవరో చూసి మరీ పోసింది. ఆనాటి నుంచి నీలావతి ఏ పూటా మారు వడ్డించుకోలేదు. జాకెట్టు భుజాల మీంచి జారిపోతోంది. తినవే అని చెప్పాలని తను రోజూ అనుకుంటుంది. చెబితే ఆ మాట తప్పని ఒప్పుకోవాలి, అత్తగారికి అదెంత కష్టమో అత్తలకే తెలుసు.

నీలావతి బిందె దించింది. "అత్తా, మనోళ్ళు ఎవరు పోయినా తీసకపోయేది వంక అవతలి వల్లకాటికే కదా. ఆయన్నీ ఆడే కాల్చినారు. మాస్తమ్మ రాయి ఒక్కటే ఈడెందుకుండాది, చేను మధ్యన?"

నాగలికి అడ్డమని రాయిని తిట్టుకునే మగవాళ్ళు ఎన్నడూ అడగని ప్రశ్న అది. జవాబు లక్ష్మీనరసమ్మకు తెలుసు. తన అత్త బాలమ్మ మంచాన పడ్డప్పుడు చెవిలో చెప్పింది, బాలమ్మకు వాళ్ళత్త చెప్పింది. మగవాళ్ళకు చెప్పకూడదన్న ఒట్టుతో కోడలి నుంచి కోడలికి వచ్చిన మాట. తెలిసి తెలిసీ ఆ రోజు పంక్తిలో అంత మాట అంది. సిగ్గుతో ఆమె ప్రాణం చచ్చిపోయింది.

"నేను చెప్పింది అబద్ధమే తల్లీ. ఆమె తనకు తాను అగ్గిలో దిగలేదు" అంది. "వంక దాటి పరిగెత్తింది. ఈడిదాకా వచ్చింది. ఈడ పట్టుకోని వెనక్కి ఈడ్చకపోయినారు. చేసిన పాపానికి భయపడి ఈడనే రాయి నాటినారు."

నీలావతి ఆ వాగు వైపు చూసింది. ఇంత దూరం ఎట్లా పరిగెత్తిందో అనుకుంటున్నట్టుంది.

"మొగోళ్ళు పట్టుకున్నారా అత్తా?"

"వాళ్ళకు అందలేదు. జుట్టు పట్టుకోని ఆపింది ఆమె అత్తే."

లక్ష్మీనరసమ్మ పసుపు గిన్నె కింద పెట్టి, దారికి అడ్డం లేకుండా పక్కకు జరిగింది.

"మీ అన్న కాచుకోనుండాడు. మీ మామకు నేను చెప్పుకుంటా. పో."