మడత టికెట్టు ప్రశ్నలు

మా పరీక్షల ఆఫీసులో ఏటా పాత ప్రశ్నలు పన్నెండింటిని గుట్టుగా కొత్త పేపర్లో కలుపుతాం. వాటికి పిల్లలు రాసిన జవాబులను బట్టి వాళ్ల సత్తా అంచనా కట్టి, కొత్త పేపరు తేలికో కష్టమో తేల్చి, పాస్ మార్కు పెడతాం. ఏ ఏడాది రాసినవాళ్లకూ అన్యాయం జరగకూడదని ఇదంతా. ఇరవై ఏళ్లుగా ఇదే నా ఉద్యోగం, నా గర్వం కూడా.

ఈసారి రెండు పాత ప్రశ్నలు బొత్తిగా కుదరలేదు. తీసి చూశాను. రెండూ ట్రాములో మడిచి ముద్ర కొట్టించుకునే కాగితం టికెట్టు మీద లెక్కలు. ఆ టికెట్టు పోయి ఏళ్లయింది. దాన్ని కంటితో చూడని పిల్లలు తప్పు రాశారు. మా లెక్కేమో వీళ్లు మొద్దులనీ, ఇన్ని మార్కులొచ్చాయంటే పేపరే తేలికనీ తేల్చి, ఇరవై ఏడు ఉండాల్సిన పాస్ మార్కును ఇరవై ఎనిమిది చేసింది.

ఆ రోజు మా ఆఫీసు పెద్దాయన హోఖెన్‌డైక్ పుట్టినరోజు. తను తెచ్చిన కేకు తనే తింటున్నాడు.

"ఆ రెండూ తీసేద్దామండీ," అన్నాను.

"నివేదిక నిన్ననే మంత్రిగారి ఆఫీసుకి వెళ్లింది హెన్నీ. ఇప్పుడు మారిస్తే మనకి పని రాదంటారు. ఒక్క మార్కేగా."

"ఆ ఒక్క మార్కు దగ్గర తొమ్మిది వందల మంది ఉన్నారు."

"ఎక్కడ గీత గీసినా కింద ఎవరో ఒకరు ఉంటారమ్మా. లెక్క సరిగ్గానే ఉంది. పాస్ మార్కు కాగితం మీద సంతకం పెట్టి కేకు తిను."

ఫోర్కుకి అంటిన క్రీము నాకాడు. ఛీ అనుకుంటూనే సంతకం పెట్టాను. కేకూ తిన్నాను.

ఫలితాల రోజు మా దేశపు ఆనవాయితీ ప్రకారం మా వీధిలో పాసైనవాళ్ల ఇళ్ల ముందు జెండాలు లేచాయి, వాటికి బడి బ్యాగులు వేలాడాయి. కింది వాటాలో ఉండే ఇల్హాం కూడా ఈ పరీక్షే రాసింది; వాళ్లమ్మ పొద్దున్నే జెండా కర్ర బిగించి పెట్టింది. తప్పినవాళ్లకే బడి నుంచి ఫోను వస్తుంది. మధ్యాహ్నం వాళ్లింట్లో ఫోను మోగింది.

నేను మెట్లు దిగేసరికి ఇల్హాం గుమ్మంలో బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఇరవై ఏడు ఆంటీ. ఒక్కటే తక్కువ. పాస్ మార్కు మీ ఆఫీసే కదా పెట్టేది? నిరుటి పేపరు ఇంట్లో చేసి చూశా, అదే తేలిగ్గా ఉంది. మరి మాకెందుకు పెంచారు?"

"లెక్క సరిగ్గానే ఉందమ్మా," అన్నాను.

నా నోటి మీద నాకే రోత పుట్టింది.

"అయితే నాకే రాలేదన్నమాట," అంటూ ఇల్హాం బ్యాగు తీసుకుని లోపలికి వెళ్లింది. నా మాట నమ్మేసింది.