పానీ అడిగిన పిల్ల

అద్దం అవతల సాహిరా మళ్ళీ చేయి చాచింది. బల్ల మీది గ్లాసును టీచరు కరుణాకుమారి మళ్ళీ వెనక్కి జరిపింది.

"వాటర్. సే వాటర్."

"పానీ," అంది పిల్ల.

గ్లాసు ఇంకాస్త దూరం పోయింది.

తల్లి జబీనా అద్దానికి నుదురు ఆనించి చూస్తోంది. పొద్దున ముత్తుకూరులో ఎక్కిన బస్సు బొగ్గు లారీల వెనక చాలాసేపు ఆగిపోయింది. కదిలే బండిలో పిల్ల చుక్క నీళ్ళు ముట్టదు. మే నెల ఎండకు పెదవులు పగిలి ఉన్నాయి.

నాలుగేళ్ళు నిండినా సాహిరాకు మాట రాలేదు. ఒక మధ్యాహ్నం వంటింట్లో నాయనమ్మ జైతూన్‌బీ కొంగు పట్టుకుని 'పానీ' అంది. ముసలామె చెప్పులు కూడా వేసుకోకుండా కొడుకు మునీర్ పంక్చర్ షాపుకు పరిగెత్తి ఆ సంగతి చెప్పింది. ఆ తర్వాతే పెద్దాసుపత్రి డాక్టరు ఆటిజం అని తేల్చి, నెల్లూరులో మాటలు నేర్పే ఈ సెంటరుకు పంపాడు.

"ఇంట్లో తురకం మానెయ్యండి. రెండు భాషలైతే పిల్ల కన్‌ఫ్యూజ్ అవుతుంది. అంతా ఇంగ్లీషే," అన్నాడు సెంటరు నడిపే సంజీవరావు, మొదటి రోజే.

జైతూన్‌బీకి ఉర్దూ తప్ప మరో మాట రాదు. అందుకని ఆమె మనవరాలితో మాట్లాడటమే మానేసింది. అన్నం తినిపిస్తుంది, తల దువ్వుతుంది, నోరు మెదపదు. ఆమె పాడుతుంటే గొంతు మీద చెవి పెట్టుకుని పడుకునే పిల్ల, ఇప్పుడు కాసేపు ఆ గొంతు తడిమి చూసి లేచిపోతుంది.

గదిలో సాహిరా తల బల్లకేసి కొట్టుకుంది. కరుణాకుమారి గోడ మీది కెమెరా వైపు ఒకసారి చూసి, పిల్ల చేతులు రెండూ అదిమి పట్టుకుంది.

జబీనా తలుపు తోసింది.

"మేడమ్, అది అడగతానే ఉండాది గదా. మా మాటలో అడగతా ఉండాది. ఇయ్యండి."

"మధ్యలో రాకూడదమ్మా. ఇప్పుడిస్తే ఇన్నాళ్ళు చేసింది పోతుంది."

కెమెరాలో చూసినట్టున్నాడు, సంజీవరావు వచ్చేశాడు. అతను గొంతు పెంచలేదు.

"ఇట్లా లోపలికొస్తే సీటు తీసేస్తానమ్మా. మీ వెనక చాలామంది కాచుకోనుండారు. ఈ చుట్టుపక్కల ఇంకెక్కడికి పోతారు?"

"మా అత్తకు ఇంగ్లీషు రాదు సార్. పొద్దస్తమానం పిల్ల ఆమె దగ్గిరే. మా మాటలో నేర్పించేవాళ్ళు ఒకరుంటే..."

"భాషకొకరిని తెచ్చి పెట్టలేను. మేడమ్‌కు సారీ చెప్పి బయట కూర్చోండి."

ఇంకో చోటు లేదని జబీనాకు తెలుసు. సాయంత్రం భర్త మునీర్ ఏమంటాడో కూడా తెలుసు.

"చెప్పను," అంది.

గ్లాసు తీసుకుని పిల్ల నోటికి అందించింది. సాహిరా పళ్ళు బిగించి కరుణాకుమారి మొహం వైపే చూసింది. నీళ్ళు గౌను మీదుగా కారిపోయాయి. కరుణాకుమారి తల దించుకుంది. జబీనా పిల్లను చంకనెత్తుకుని బయటికి నడిచింది.

బస్టాండు నీడలో కూర్చుని, నీళ్ళ సీసా మూత తీసింది. నెలల తరబడి కూతురి దగ్గర మింగేసిన మాట మెల్లగా బయటికొచ్చింది.

"పానీ పీ, బేటా."

సాహిరా ఉలిక్కిపడి అటూ ఇటూ చూసింది. చిన్న అరచేత్తో తల్లి నోరు మూసింది.

ఆ వేళ్ళ సందుల్లోంచే జబీనా మళ్ళీ అదే మాట అంది. చేయి ఇంకా గట్టిగా నొక్కుకుంది.