రెండు ట్యాంకులు, రెండు పైపులు

అయినా అన్నయ్యను ఎవరడిగారు, అడక్కపోయినా సలహా ఇవ్వడం పుట్టుకతో వచ్చిన విద్య అతనికి, ఆమె పడవ అడుగున మోకాళ్ల మీద కూర్చుని రెండో ట్యాంకుకు బెల్టు బిగిస్తోంది, ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు, బరువు సరిపోయింది, దేని పైపు దానిదే, మధ్యలో ఒక వాల్వు, ఎటు తిప్పితే అటునుంచే ఇంజనుకు పెట్రోలు, ఇదేమన్నా బ్రహ్మవిద్యా, దూరపు దీవికి సరుకు చేర్చి సాయంత్రంలోగా తిరిగొస్తే ఇకమీద పడవ నడిపేది ఆమే, రాలేకపోతే అమ్మేయడమే అని అన్నయ్య తేల్చేశాడు, ఆడదానికి పడవెందుకని మాత్రం అనలేదు, అనకుండానే అన్నాడు, అదిగో వస్తున్నాడు, చేతిలో మూడు మూతుల ఇత్తడి జాయింటు, వాల్వెందుకే, రెండు ట్యాంకుల్నీ దీంతో కలిపెయ్, ఇంజను దానంతటదే తాగుతుంది, నువ్వు తిప్పడం మర్చిపోతావు, మర్చిపోను అన్నయ్యా, మర్చిపోతావే, పెట్రోలు చూసుకోవడం నాన్నంతటివాడే మర్చిపోయాడు.

నాన్న, ఒడ్డున చెక్కమీద కూర్చుని ఉన్నాడు, ఏడేళ్లుగా అక్కడే, చివరిసారి పడవేసుకెళ్లిన రోజు రెండు ట్యాంకులూ నిండుగానే ఉన్నాయి, ఒకదాంట్లో నీళ్లు చేరాయి, రెండింటినీ కలిపింది ఇలాంటి జాయింటే, ఆ నీళ్లు రెండోదాంట్లోకీ పాకాయి, నడిసముద్రంలో ఇంజను చచ్చింది, రెండు రోజులు తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకు వచ్చాడు, అరచేతుల్లో తోలు లేదు, అమ్మ కొబ్బరినూనె రాస్తుంటే పళ్లు బిగించి నేనే చూసుకోలేదు అన్నాడు, పెట్రోలు చూసుకోని సరంగు అని ఊరంతా నవ్వింది, అన్నయ్య కూడా నవ్వాడు, ఆ తర్వాత నాన్న పడవెక్కలేదు, ఇప్పుడేమో చెక్క మీంచి లేవకుండానే, గొంతు పెంచకుండానే, ఒకసారి నువ్వు బిగించింది చాల్లేరా, దాని జోలికి పోకు అంటున్నాడు.

నువ్వు బిగించింది, అంటే ఆ జాయింటు పెట్టింది అన్నయ్యా, ఆమె చేతిలో స్పానరు ఆగిపోయింది, అన్నయ్య తేలు కుట్టిన దొంగలా జాయింటును జేబులోకి తోసేశాడు, ఏడేళ్లు నిమ్మకు నీరెత్తినట్టు తిరిగాడు, నాన్న మీద కూడా కోపం వచ్చింది ఆమెకు, కొడుకు తప్పు నెత్తినేసుకోవడం ఏం ప్రేమ, సముద్రాన్నే వదిలేసుకున్నాడే, ఏడుపొస్తోంది, రానీ, చెయ్యి మాత్రం ఆగదు, క్లిప్పు బిగించింది, పైపులోకి పెట్రోలు ఎక్కించే రబ్బరు బల్బు గట్టిపడేదాకా నొక్కింది, తాడు లాగితే ఇంజను అందుకుంది, ఒడ్డు దాటాక వాల్వు రెండో ట్యాంకు వైపు తిప్పింది, ఒక్క దగ్గు దగ్గి మళ్లీ అందుకుంది, వెనక అన్నయ్య ఏదో అరుస్తున్నాడు, అరవనీ, ఒక ట్యాంకులో నీళ్లు పడితే అదొక్కటే పాడవుతుంది, రెండోది నడుస్తుంది, దేనిది దానిదే, దారిలో ఇంజను ఆగినా సరే, ఆ తప్పు నాది, నాది మాత్రమే, దాన్ని ఇంకెవరి చేతులూ మోయక్కర్లేదు.