సూర్యుడి మీద లేని మచ్చలు

నలభై క్యాబేజీలు చీల్చి ఉప్పులో ఊరేసి హ్యేరాన్ నడుము నిటారు చేసేసరికి ఉదయం ఏడయింది. చలికాలమంతటికీ కిమ్చీ పచ్చడి పెట్టుకునే శనివారం అది. కాలేజీలో డీన్‌గారికి టెలిస్కోపుతో సూర్యుణ్ణి తీసే కొత్త డిజిటల్ కెమెరా చూపించాల్సిందీ ఆ శనివారమే.

"ఏమే, ఆ సూర్యుడు రేపు ఉదయించడా?" అంది అత్తగారు కారం కలుపుతూ.

"పార్ట్‌టైం పాఠాలకి ఇంత హడావిడేమిటి? నువ్వు లేకపోతే ఆగిపోతుందా అక్కడ?" అన్నాడు భర్త జున్‌గ్యు, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

"ఇక్కడ మాత్రం ఆగిపోతుందా?" అంది హ్యేరాన్. ఆ మాట తన నోటివెంటే వచ్చిందని నమ్మడానికి ఆమెకే క్షణం పట్టింది. "క్యాబేజీలు మూడుసార్లు కడిగి, నీళ్లు ఓడేలా బోర్లించండి, చాలు. మీరు మిలిటరీలో చేసినప్పుడు నేర్పే ఉంటారుగా."

అత్తగారు ఫక్కున నవ్వేసింది. జున్‌గ్యు పేపరు మడిచాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఆమెకు హాయిగా అనిపించింది. పదకొండేళ్లుగా ఖగోళశాస్త్రం ల్యాబులో డిగ్రీ పిల్లలు ఒకే పాత నక్షత్రాల ఫొటో మీద స్కేలు పెట్టి కొలుస్తున్నారు. జవాబులు సీనియర్ల నుంచి జూనియర్లకు ఆస్తిలా సంక్రమిస్తున్నాయి. కెమెరా కావాలని నాలుగేళ్లు అర్జీలు రాసింది తను, సంతకం డిపార్ట్‌మెంటు హెడ్ ప్రొఫెసర్ ప్యోది. కొడుకు జ్వరంతో పడుకున్న మధ్యాహ్నాల్లో ఆ ఫొటోల కోసం కంప్యూటరు ప్రోగ్రాములు రాసిందీ తనే. ఎవరూ రాయమనలేదు, జీతమూ ఇవ్వలేదు. ఆ ఇష్టం మాత్రం పూర్తిగా తనది.

"వచ్చావా హ్యేరాన్, డీన్‌గారికి కాఫీ కలుపు," అన్నాడు ప్రొఫెసర్ ప్యో. కలిపింది. ట్రే పట్టుకుని వచ్చేసరికి తెర మీద సూర్యుడున్నాడు, ఒంటినిండా గుండ్రటి మసక మచ్చలతో.

"చూశారా, ఎన్ని మచ్చలో!" అంటున్నాడు ప్రొఫెసర్.

"సార్, టెలిస్కోపు కదిపితే సూర్యుడు జరిగాడు, ఈ మచ్చలు జరగలేదేంటి?" అంది ఆరా అనే రెండో సంవత్సరం పిల్ల. ప్రొఫెసర్ చెవులు ఎర్రబడ్డాయి.

హ్యేరాన్ ట్రే బల్ల మీద పెట్టింది. "అవి సూర్యుడివి కావు. కెమెరా అద్దం మీది దుమ్ము."

టెలిస్కోపును సూర్యుడి నుంచి పక్కకు తిప్పి, ఫిల్టరు తీసి, మూతికి పల్చటి తెల్లగుడ్డ కట్టి, ఖాళీ ఆకాశాన్ని ఫొటో తీసింది. తెర మీద ఒట్టి మసక మచ్చలే మిగిలాయి. "ఇందాకటి ఫొటోని దీంతో భాగించమని కంప్యూటరుకి చెప్పు. దుమ్ము రెంట్లోనూ ఒకటే కాబట్టి కొట్టుకుపోతుంది. మీట నువ్వే నొక్కు," అంది ఆరాతో.

మసకంతా పోయింది. చుట్టూ బూడిదరంగు అంచుతో రెండే రెండు చిన్న నిజమైన మచ్చలు నిలిచాయి. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చూశారు.

"ఇది ఇప్పటి సూర్యుడేనా మేడమ్?"

"ఇప్పటిదే. దీని జవాబు ఏ సీనియరు దగ్గరా లేదు."

గదంతా గొల్లున నవ్వింది. డీన్‌గారూ నవ్వారు. "వచ్చే టర్ము నుంచే ఈ కోర్సు పెడదాం. ఎవరు చెప్తారు?"

"నేనే," అన్నాడు ప్రొఫెసర్. "హ్యేరాన్ సాయముంటుంది. మా ఇంటిమనిషి లాంటిది."

ఇంటిమనిషి. ఆ మాటలో ఎంత చాకిరీ ఇముడుతుందో ఆమెకు తెలిసినంతగా ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు. కోపం రావాలి, కానీ రాలేదు.

"సాయం కాదు ప్రొఫెసర్‌గారూ. కోర్సు నేను చెప్తాను, నా పేరుతో. మీకు వీలైనప్పుడు వచ్చి కూర్చోండి."