కొండదొరకిచ్చిన సైలెన్సర్

సంత మనుషులన్నా, వాళ్లమ్మే రేకు సామానన్నా గోంబోకి ఒళ్లు మంట. పోయినేడు కొన్న కొత్త సైలెన్సర్ ఒక్క చలికాలానికే అప్పడంలా పగిలిపోయింది. అప్పట్నించీ ఆయన ముప్పై ఏళ్ల రష్యా జీపు పొగంతా లోపలికే కక్కుతోంది. కోడలు జాయాకి ఎనిమిదో నెల. డాక్టరమ్మ రమ్మన్నది రేపే. అల్తాయ్ కొండల కనుమ దాటి ఆరు గంటల దారి. పోయిన నెల ఆ పొగకి పిల్ల దారంతా వాంతులు చేసుకుని, చివరికి స్పృహ తప్పింది.

"పక్క గుడారం దోర్జ్ కారు అడుగుదాం మామయ్యా," అంది జాయా, ఉప్పు టీ పోస్తూ.

"ఛీ! చచ్చిన గొర్రెని బతికిన గొర్రె ధరకి అమ్మిన వెధవ వాడు. వాడి గుమ్మం తొక్కమంటావా? వాడి పేరెత్తితేనే నాకు టీ దిగదు."

మధ్యాహ్నానికి కొడుకు ఒచిర్ జిల్లా సంత నుంచి మోటారుసైకిలు మీద వచ్చాడు. వెనక కట్టిన గోనెపట్టా విప్పుతుంటే మొహం వెలిగిపోతోంది.

"చూడండి నాన్నా! ఆ కాలపు ఇనుము! సంతంతా కాళ్లరిగేలా తిరిగితే ఒక్క కొట్లో దొరికింది. మంచి గొర్రెకి పెట్టేంత డబ్బు పోశాననుకోండి."

గోంబో ఆ పాత సైలెన్సర్‌ని చేతిలోకి తీసుకున్నాడు. పైన వెండి రంగు. బిగింపు సందులో ఇరుక్కున్న నీలం పట్టు పీలిక ఒకటి. అది కనుమ మీద, కొండని కాచే దేవుడు కొండదొర రాళ్లగుట్టకి కట్టే పట్టు. ఆ దారిన పోయే డ్రైవర్లు పాత బండి చక్రమో, స్టీరింగో అక్కడ పెట్టి, మూడు చుట్లు తిరిగి, చల్లగా చూడమని మొక్కుతారు. అక్కడి నుంచి చిన్న రాయి కూడా ఎవరూ తేరు.

"దొంగ వెధవలు! దేవుడి ముందు పెట్టింది కూడా ఎత్తుకొచ్చి అమ్ముతున్నారు. థూ!"

ఒచిర్ మొహం మాడిపోయింది. "వచ్చేటప్పుడు మళ్లీ అక్కడే పెట్టేద్దాం నాన్నా. కడుపుతో ఉన్న పిల్ల కోసమేగా, కొండదొర ఏమీ అనుకోడు," అని పానాలు తీసుకుని జీపు కిందకి దూరాడు.

గోంబో సైలెన్సర్‌ని తిరగేశాడు. అడుగున ఒక అతుకు. గోటితో గీరితే రంగు పెచ్చు లేచి, కింద ఎర్రావు చెవి బొమ్మ కనబడింది. పాలపొడి డబ్బా రేకు. ఆ డబ్బా ఆయన కత్తిరించిందే.

పదకొండేళ్ల కిందటి సంగతి. మంచి సైలెన్సర్ రాళ్లకెవరిస్తారని, చెడిపోయిన దానికి బంకమన్ను మెత్తి, రేకు వేసి, రంగు పూసి, కొండదొర ముందు పెట్టి దండం పెట్టాడు. ఇప్పుడు జీపుకి బిగించినా, ఇంజను వేడెక్కితే ఆ రేకు కనుమ దాకా కూడా ఉండదు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు.

"ఇటివ్వండి నాన్నా!" జీపు కింద నుంచి చెయ్యి బయటికొచ్చింది.

"వద్దు, బిగించకు. లోపల పిడికిలంత కన్నం ఉంది."

"మీకెలా తెలుసు?"

"పూడ్చింది నేనేరా. కొండదొరకి పెట్టింది కూడా నేనే."

ఒచిర్ బయటికొచ్చాడు. తండ్రి మొహం చూడలేక మోటారుసైకిలు వైపు తిరిగాడు. జాయా టీ కెటిల్ పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అప్పుడేమని మొక్కుకున్నారు మామయ్యా?"

"నా బండెక్కినవాళ్లు క్షేమంగా ఇల్లు చేరాలని."

గోటికంటిన వెండి రంగుని గడ్డికి రుద్దాడు. పోలేదు. తన చేతులంటే తనకే రోత పుట్టింది. టోపీ సర్దుకోకుండానే పక్క గుడారానికి నడిచాడు.

దోర్జ్ తలుపు తీసి పళ్లికిలించాడు. "ఏంటి గోంబో గారూ, దారి తప్పారా? చచ్చిన గొర్రెలమ్మేవాడి గుమ్మం కదా ఇది?"

"నేనైతే అలాంటి సరుకు కొండదొరకే అమ్మానురా," అన్నాడు గోంబో. "రేపు నీ కారివ్వు."