అన్నయ్య తరఫున

...ఈ పెన్ను మూత ఎప్పుడూ ఇంతే, బిగిస్తే రాదు, వదిలేస్తే చేతిసంచీ నిండా సిరా, అయినా ఆమె దీన్నే పట్టుకొచ్చింది, అన్నయ్య ఇచ్చిన పెన్ను, అన్నయ్య తరఫున సంతకాలన్నీ దీంతోనే పెట్టింది మరి, కరెంటు మీటరు మార్పించినప్పుడూ, ఇంటిపన్ను కాగితంలో పేరు సరిచేయించినప్పుడూ, ఓడ మీద వంటపని చేసే మనిషికి ఆఫీసుల చుట్టూ తిరిగే తీరిక ఎక్కడిది, అందుకే పోయేముందు పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చాడు, తన ఇల్లు అమ్మే అధికారం కూడా అందులో ఉంది, ఇచ్చి ఒక్క మాట చెప్పాడు, కింది గదిలో పుస్తకాలు బైండు చేసుకునే పెద్దాయనకి కొనేవాళ్లు ఇల్లు పడగొట్టి కట్టే కొత్త కట్టడంలో ఒక షాపు ఇవ్వాలి, ఆ సంగతి దస్తావేజులో పడాలి, మిగతాదంతా నీ ఇష్టం.

దస్తావేజు ఇప్పుడు రిజిస్ట్రారు ఆఫీసు బల్ల మీద ఉంది, రెండుసార్లు చదివింది, పెద్దాయన ఊసే లేదు, పక్కనున్న బ్రోకరు గొంతు తగ్గించి, కొనేవాళ్లకి ఆ ముసలాయన గొడవ వద్దటమ్మా, బదులుగా పై అంతస్తులో రెండు గదులు మీ పేరున వేరే కాగితం రాస్తారు, మీ అన్నగారికి తెలియాల్సిన పనిలేదు, మీరు సంతకం పెడితే ఆయన పెట్టినట్టే కదా, అన్నాడు, అదీ అబద్ధం కాదు, అదే భయం, ఇక్కడ ఆమె గీత గీస్తే ఎక్కడో నడిసముద్రంలో ఉల్లిపాయలు తరిగే అన్నయ్య దానికి కట్టుబడాల్సిందే, ఇంకో నాలుగు రోజులు ఫోను కూడా కలవదు, రెండు గదులు, సొంత తాళంచెవి, పదహారేళ్లుగా తనుండే అద్దె గదిలో ఇంటావిడ ఒక్క మేకు కొట్టనివ్వలేదు, క్యాలెండరు కిటికీ ఊచకే వేలాడుతోంది, అయినా పెద్దాయనకి చూపు తగ్గింది, ఇంకెన్నాళ్లు కుడతాడులే, అని మనసు అప్పుడే వకీలులా వాదన అందుకుంది, సిగ్గులేని మనసు.

తొమ్మిదో తరగతిలో అన్నయ్య చెయ్యి విరిగితే అతను చెబుతుంటే వ్యాసం ఆమే రాసింది, అతని ముగింపు చప్పగా ఉందని తనకి తోచింది రాసేసింది, క్లాసులో అందరూ మెచ్చుకున్నారట, అన్నయ్య మాత్రం ముఖం మాడ్చుకుని ఇంటికొచ్చాడు, విరిగింది నా చెయ్యేనే, నోరు పడిపోలేదు, నేను చెప్పిందే రాయి, అప్పుడు నవ్వేసింది, ఇప్పుడు నవ్వు రావడం లేదు, మీటరు సంగతి అన్నయ్యకి చెప్పింది, పన్ను ఆఫీసు గుమాస్తాతో పెట్టుకున్న తగువూ చెప్పింది, మరి ఈ గదుల సంగతి ఎలా మొదలెట్టాలి, మనసులోనే అని చూసుకుంది, అన్నయ్యా అన్నాక రెండో మాట రాలేదు.

ఆమె పెన్ను మూత గట్టిగా బిగించింది, ఇక రాకపోయినా సరే, పెద్దాయన షాపు సంగతి రాయించి తీసుకురండి, అప్పుడే సంతకం, అంది, మీకొచ్చేది పోతుందమ్మా అని బ్రోకరు గొణిగాడు, నాకు రాలేదండీ, నేను మా అన్నయ్య కుర్చీలో కూర్చున్నాను గనక ఇటొచ్చింది, అంటూ లేచి, కలవని ఫోనుకే, కలిసినప్పుడు వింటాడని, మాట రికార్డు చేయడం మొదలెట్టింది, అన్నయ్యా, నాకు రెండు గదులిస్తామన్నారు, నాకు ఆశ కూడా పుట్టింది, ముందు నీకే చెబుతున్నా, అంది, ఈసారి రెండో మాట తడుముకోకుండా వచ్చింది, అన్నయ్యకి చెప్పుకోలేనిది ఏదీ తన చేత్తో రాయకూడదని ఆమెకు తేలిపోయింది.